రోజుకో తోకమాట

మా లాండ్రీలో ఇస్త్రీ బాబాయి చేతికి వెళ్ళిన చొక్కా మళ్ళీ మీ చేతికి రావాలంటే, మీరు ఒక ఇంగ్లీషు వాక్యం చెప్పి తీరాలి. బతిమాలినా లాభంలేదు, బెదిరించినా లాభంలేదు. ఆ వాక్యంలో ఆ రోజు తోకమాట ఉండాలి. లేకపోతే మీ చొక్కా నలిగిన మొహంతో బల్ల మీద పడి ఉంటుంది, మీరూ అదే మొహంతో బల్ల ముందు నిలబడి ఉంటారు.

తోకమాట అన్నది బాబాయి పెట్టిన పేరే. ఇంగ్లీషులో గెట్, పుట్, లుక్, టర్న్ లాంటి పొట్టి మాటలకి వెనకాల అప్ అనో, ఆఫ్ అనో, డౌన్ అనో ఒక ముక్క తగిలిస్తారు కదా, అదే తోక. "లుక్ అంటే చూడ్డం. బాగానే ఉంది. లుక్ ఆఫ్టర్ అంటే బాగోగులు చూసుకోవడం. లుక్ ఫర్ అంటే వెతుక్కోవడం. లుక్ ఇంటు అంటే సంగతేంటో ఆరా తియ్యడం. మొహం ఒకటే, తోకలే వేరు. మొహం చూసి మోసపోతే ఎలారా, తోక చూసుకోవాలి" అని బాబాయి సిద్ధాంతం. గ్రామర్ పుస్తకాల్లో వాటికేదో పెద్ద పేరుంది. ఆ పేరుతో పిలిస్తే మా లాండ్రీలో ఎవరూ పలకరు.

పొద్దున ఎనిమిదింటికల్లా బాబాయి చొక్కా జేబుకి పిన్నీసుతో గుచ్చిన గుడ్డ చీటీ ఒకటి వేలాడుతుండేది. మామూలుగా అలాంటి చీటీలు బట్టలకి గుచ్చుతాం, ఎవరి బట్ట ఎవరిదో తెలియడానికి నంబర్లు వేసి. బాబాయి చీటీ మీద నంబరుండదు, ఆ రోజు తోకమాట ఉంటుంది. సాయంత్రం దాకా ఆయన దానికి బానిస, మనం ఆయనకి బానిసలం.

నేను ఆ లాండ్రీకి వ్యాన్ డ్రైవర్ని. డిగ్రీ చివరి సంవత్సరం దాకా చదివినవాణ్ణి. ఇంగ్లీషు పేపరు మూడో దండయాత్రలో గెలిచాను. నాలుగు ఉతికే మిషన్లు, మూడు ఇస్త్రీ బల్లలు, పదకొండు మంది మనుషులున్న ఆ లాండ్రీలో ఇంగ్లీషుకి నేనే పెద్దదిక్కునని అందరూ అనుకునేవాళ్ళు. అందరికన్నా ముందు నేనే అనుకున్నాను.

మొదటి దెబ్బ తిన్నదీ నేనే. ఆ రోజు ఒక హోటలుకి అరవై దుప్పట్లు పదింటికల్లా చేర్చాలి. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళాను.

"బాబాయ్, దుప్పట్లు!"

"హ్యాంగ్ ఆన్" అన్నాడు బాబాయి, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసి.

"అంటే?"

"ఒక్క క్షణం ఆగమని. నువ్వూ చెప్పు, వాక్యంలో పెట్టి."

"బాబాయ్, టైం లేదు!"

"హ్యాంగ్ ఆన్."

"హోటలువాళ్ళు చంపేస్తారు!"

"హ్యాంగ్ ఆన్."

ఒక్క క్షణం ఆగమనే మాట చెప్పి నలభై నిమిషాలు ఆపాడు మహానుభావుడు. చివరికి పళ్ళు నూరుకుంటూ "ప్లీజ్ హ్యాంగ్ ఆన్, ఐ యామ్ కమింగ్ టు కిల్ యూ" అన్నాను. బాబాయి మొహం వెలిగిపోయింది. "శభాష్! తోక సరిగ్గా అతికింది" అని అరవై దుప్పట్లూ తీసి నా చేతుల్లో పెట్టాడు. ఎప్పుడో పూర్తయిపోయి, మడతపెట్టి బల్ల కింద ఉన్నాయి అవి!

ఇంతకీ ఆయనకి ఈ పిచ్చి పట్టిన వారమే మా లాండ్రీలో ఒక పిడుగు పడింది. ఆరు నెలల్లో నంబర్లు ముద్రించే మిషను వస్తోందని మేడమ్ చెప్పింది. మేడమ్ అంటే మా ఓనరు. మాట పొదుపు, మనిషి నిక్కచ్చి. మిషను వస్తే చీటీల బల్ల ఉండదు. చీటీల బల్ల లేకపోతే చీటీలక్క ఉండదు.

చీటీలక్క పద్ధెనిమిదేళ్ళుగా ఆ బల్ల దగ్గరే కూర్చుని, చెరగని సిరాతో నంబర్లు రాసి, బట్టలకి గుచ్చుతున్న మనిషి. మూడువందల నంబర్లు ఆసుపత్రివి, నాలుగువందలవి హోటలువి, అయిదువందలవి ఇళ్ళవి. కాలరు తిప్పి చూస్తే చాలు, బట్ట జాతకం చెప్పేసేది. ఇంట్లో నాలుగు నోళ్ళు ఆమె జీతం మీదే ఉన్నాయి. పని పోతే ఆ వయసులో ఇంకోచోట ఎవరు పెట్టుకుంటారు?

ఒక్క దారుంది. కౌంటరులో కూర్చునే అమ్మాయి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతోంది. ఆ చోటు ఖాళీ అవుతుంది. కానీ మా కౌంటరుకి వచ్చేవాళ్ళలో సగం మందికి తెలుగు రాదు. ఏం కావాలన్నా ఇంగ్లీషే.

"మిషను వచ్చే ముందు సోమవారం, పొద్దున తొమ్మిది నుంచి పది దాకా కౌంటరు నువ్వొక్కదానివే చూడు" అంది మేడమ్ అక్కతో. "నన్ను పిలవకూడదు. ఎవరూ సాయం రాకూడదు. గంట గడిపావంటే చోటు నీదే. లేదంటే బయటనుంచి మనిషిని తెచ్చుకుంటాను."

సోమవారం మొదటి గంటంటే మాటలా! శని ఆదివారాల కోపాలన్నీ మూటగట్టుకుని జనం వచ్చేది అప్పుడే. అక్క తల అడ్డంగా ఊపింది. "నా వల్ల కాదు మేడమ్. ఇంగ్లీషంటే నాకు నోరు పెగలదు."

నిజమే, పెగలదు. కౌంటరులో ఫోను మోగి అవతల ఇంగ్లీషు వినపడిందంటే అక్క వేలాడే కోట్ల వెనక్కి వెళ్ళిపోయేది. కోట్ల కింద రెండు చెప్పులు మాత్రం కనపడేవి. మేమంతా నవ్వేవాళ్ళం. నేను కాస్త ఎక్కువే నవ్వేవాణ్ణి, చెప్పుకుంటే సిగ్గుచేటు.

అలాంటి మనిషి నెత్తిన బాబాయి ఇంకో బరువు పెట్టాడు. "అమ్మాయ్, నా చేతిరాత ఇస్త్రీ పెట్టినా సాపు కాదు. ఈ తోకమాట చీటీ రోజూ నువ్వే రాసిపెట్టు" అన్నాడు. పాత పుస్తకాల కొట్లో కొన్న అట్టలేని పుస్తకం ఒకటి ఆమె బల్ల మీద పడేశాడు. "నాకు సన్నక్షరాలు ఆనవు. అర్థం కూడా నువ్వే చూసి చెప్పు."

"నాకేం వచ్చని చెప్పను బాబాయ్? అయిదో క్లాసు."

"అర్థాలు తెలుగులోనే ఉన్నాయిలే. చదివి వినిపించు చాలు."

నాకు ఒళ్ళు మండింది. "ఆవిడ ఉద్యోగం పోతోందని ఏడుస్తుంటే నీకు తోకలు కావాల్సొచ్చాయా బాబాయ్?" అని నిలదీశాను.

"ముచ్చట పుట్టిందిరా" అన్నాడు చొక్కా చేతిని సవరించుకుంటూ. "అరవయ్యేళ్ళకి పుట్టింది. ముచ్చటకి వయసు చూసుకుని పుట్టాలని తెలీదు కదా."

ముచ్చట సరే, బుర్ర ఉండాలి కదా! బాబాయికి ఏదీ గుర్తుండేది కాదు. ఎనిమిదింటికి అక్క అర్థం చెప్పేది. పదింటికి మళ్ళీ ఆమె బల్ల దగ్గరికొచ్చేవాడు. "అమ్మాయ్, రన్ అవుట్ ఆఫ్ అంటే ఏంటన్నావ్?" "అయిపోవడం, బాబాయ్. ఉన్నది ఖర్చయిపోవడం." ఒంటిగంటకి మళ్ళీ. నాలుగింటికి మళ్ళీ. ఇంటికెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి మళ్ళీ. మొదటి నెలలో అక్క జవాబు ఆమె పెదాలకే వినపడేది. రెండో నెలకి గంజి తొట్టి దాకా వినపడింది. నాలుగో నెలకి వీధిలో వ్యాను కడుక్కుంటున్న నాకు వినపడేది. "బాబాయ్! ఎన్నిసార్లు చెప్పాలి? రన్ అవుట్ ఆఫ్ అంటే అయిపోవడం! వియ్ హ్యావ్ రన్ అవుట్ ఆఫ్ స్టార్చ్! గంజి అయిపోయింది! నా ఓపికా అయిపోయింది!"

"ఆ రెండోది కూడా ఇంగ్లీషులో చెప్పమ్మా, కలిసొస్తుంది" అనేవాడు బాబాయి. చెప్పేది కూడా. "ఐ హ్యావ్ రన్ అవుట్ ఆఫ్ పేషెన్స్!"

గుర్తుండకపోతే ఊరుకోవచ్చు కదా. ఊరుకోడు. తప్పు తోక తగిలించి జనం మీదికి వదిలేవాడు. ఒకసారి ఒక లాయరుగారు నల్లకోటు కోసం వచ్చారు. ఆ రోజు పెద్ద కేసట, మనిషి ముందే కంగారుగా ఉన్నారు. ఆ రోజు చీటీ మీద గివ్ అప్ ఉంది, ఆశ వదిలెయ్యడం. బాబాయి కోటు అందిస్తూ నవ్వు మొహంతో "సర్, గివ్ అప్! గివ్ అప్!" అని దీవించాడు. లాయరుగారి మొహం గంజి కన్నా తెల్లబడింది.

నేను పరుగున వెళ్ళి, "సర్, నెవర్ గివ్ అప్ అనబోయాడు సర్, ముందు మాట మింగేశాడు" అని సర్దిచెప్పి, ఆయన వెళ్ళాక బాబాయికి తలంటు పోశాను. "తెలియకపోతే నన్నడుగు బాబాయ్. ఇంగ్లీషంటే ఆషామాషీ కాదు. నాలాంటివాడికే మూడుసార్లు పట్టింది."

"నిజమేరా, నీకున్న జ్ఞానం నాకెక్కడిది" అన్నాడు వినయంగా. ఆ మాట నాకు రెండు రోజులు భోజనం అక్కర్లేకుండా చేసింది.

ఇంట్లో కూడా ఇదే గోల. ఒకరోజు బాబాయి భార్య, మా పిన్ని, సరాసరి లాండ్రీకే వచ్చేసింది.

"చూశావా అబ్బాయ్, మీ బాబాయి వరస! ఉప్పు అయిపోయింది తెండి అంటే, వాక్యం చెప్తే తెస్తానంటున్నారు! ముప్పయ్యేళ్ళ కాపురంలో ఉప్పుకి పరీక్ష రాయాల్సొచ్చింది!"

"నువ్వు చెప్పావా పిన్నీ?"

"ఎందుకు చెప్పను? పొద్దున చీటీలక్కని ఫోనులో అడిగి నేర్చుకున్నా. గో వితౌట్ అంటే లేకుండా గడపడం." బాబాయి వైపు తిరిగింది. "టుడే యూ గో వితౌట్ లంచ్. సరిగ్గానే చెప్పానా అక్కా?"

"భేషుగ్గా చెప్పావు పిన్నీ" అంది అక్క. ఆ మధ్యాహ్నం బాబాయి అందరి డబ్బాలూ తిరిగి తిన్నాడు. ప్రతి డబ్బాకీ ఒక వాక్యం వసూలు చేశాం, బాకీ తీరిపోయింది.

అందరికీ అలవాటైపోయింది అలా. గంజి పెట్టే ఆవిడ 'టర్న్ డౌన్ ద రేడియో' అనేది. మిషను మనిషి 'ద వాటర్ కేమ్ ఆన్' అనేవాడు. తప్పులు కుప్పలుతెప్పలు. ఎవరూ ఎవరినీ చూసి నవ్వరు, ఎందుకంటే బాబాయి తప్పు ముందు ఎవరి తప్పైనా చిన్నదే. అయిదో నెలలో అయితే మేడమ్ ముందే పరువు తీశాడు. పుట్ ఆఫ్ రోజది. మేడమ్ తన జాకెట్టు ఇస్త్రీ ఎప్పుడవుతుందని అడిగింది. బాబాయి చెమట తుడుచుకుంటూ, "మేడమ్, టూ హాట్. ఐ పుట్ ఆఫ్ మై షర్ట్" అన్నాడు.

చీటీల బల్ల దగ్గరనుంచి అక్క గొంతు ఖంగుమంది. "బాబాయ్! చొక్కా విప్పేది టేక్ ఆఫ్! పని వాయిదా వేసేది పుట్ ఆఫ్! చొక్కాని వాయిదా వేస్తావా ఏంటి?" అనేసి, మేడమ్‌ని చూసి నాలిక్కరుచుకుంది. మళ్ళీ అంతలోనే లేచి నిలబడింది. "మేడమ్, హీ విల్ నాట్ పుట్ ఇట్ ఆఫ్. జాకెట్ ఈజ్ రెడీ ఎట్ ఫోర్."

మేడమ్ అక్క వైపు కళ్ళద్దాల పైనుంచి ఒక్క చూపు చూసి వెళ్ళిపోయింది.

ఆ సోమవారం రానే వచ్చింది. తొమ్మిదింటికి అక్క కౌంటరు స్టూలు ఎక్కింది. మేడమ్ గదిలోకి వెళ్ళి తలుపు ఓరగా వేసుకుంది. మాకు పనుందని ఎవరికీ గుర్తులేదు. నేనూ, బాబాయీ, గంజి పెట్టే ఆవిడా వేలాడే కోట్ల వెనక చేరాం. ఇంతకాలం అక్క దాక్కున్న చోట ఆ రోజు మేం దాక్కున్నాం. అక్క గెలవాలి, ఎలాగైనా గెలవాలి. ఆ క్షణంలో నాకు ఇంకేమీ అక్కర్లేదు.

మొదట ఒకావిడ వచ్చి గౌను ఇచ్చింది, మరక చూపించింది. "ఇట్ విల్ కమ్ అవుట్, మేడమ్. పిక్ ఇట్ అప్ ఆన్ థర్స్‌డే" అంది అక్క. గొంతు కొంచెం వణికింది గానీ తోక నిలబడింది. తర్వాత ఒకాయన, ఇంకొకాయన. ఫోను మోగింది. అక్క చెప్పులు ఒక్క క్షణం కదిలాయి. కానీ కోట్ల వైపు రాలేదు. ఫోనెత్తి "హ్యాంగ్ ఆన్, సర్" అని, ముందున్న మనిషిని పంపించి, మళ్ళీ మాట్లాడింది. గంజి పెట్టే ఆవిడ నా చెయ్యి గిల్లేసింది ఆనందంతో.

తొమ్మిదీ నలభైకి వచ్చాడు హోటలు మేనేజరు. సూటు, టై, చేతిలో ఒక తెల్లకోటు. తలుపు తెరవకముందే మొదలుపెట్టాడు ఇంగ్లీషు. వడగళ్ళ వానే! ఎక్కడ ఆగుతోందో ఎక్కడ మొదలవుతోందో తెలియడంలేదు. మూడో దండయాత్రలో గెలిచిన నా ఇంగ్లీషు చేతులెత్తేసింది. అక్క బిగుసుకుపోయింది. పుస్తకంలోని మాటలన్నీ ఎటుపోయాయో, నోరు మాత్రం తెరుచుకుని ఉంది.

నేను ముందుకు అడుగేశాను. బాబాయి నా భుజం పట్టి వెనక్కి లాగాడు.

"వద్దు. ఎవరూ వెళ్ళకూడదన్నారు."

"చూస్తూ ఊరుకుంటామా? ఆయనేమంటున్నాడో నాకే అర్థం కావట్లేదు, అక్కకేం అర్థమవుతుంది?"

బాబాయి కళ్ళు మేనేజరు మీదే ఉన్నాయి. నా చెవి దగ్గర వంగి గబగబా చెప్పడం మొదలుపెట్టాడు. "మధ్యాహ్నం వాళ్ళ హోటల్లో రెండొందల మందికి విందుందట. నూట ఇరవై టేబుల్ క్లాతులు రావాలట. మూట విప్పితే డాక్టర్ల తెల్లకోట్లున్నాయట. విందుకొచ్చినవాళ్ళకి ఆపరేషన్లు చెయ్యమంటారా అని అడుగుతున్నాడు. ఇది రెండోసారట. పదిన్నరకల్లా గుడ్డలు రాకపోతే మనకి పనివ్వడం మానేస్తాడట. ఆ చివర్న అన్నది తిట్టు, అది నీకు చెప్పను."

నేను నోరెళ్ళబెట్టాను. ఆ మనిషి మాట్లాడుతుండగానే, ఒక్క మాట పొల్లుపోకుండా, నీళ్ళు తాగినంత తేలిగ్గా తెలుగులో పోసేశాడు! రన్ అవుట్ ఆఫ్ అర్థం రోజుకి నాలుగుసార్లు అడిగిన మనిషి! నేను బాబాయి వైపు తిరిగాను. ఆయన నా వైపు చూడలేదు. "చెప్పు తల్లీ, నోరు విప్పు" అని గొణుగుతున్నాడు, పిడికిళ్ళు బిగించి.

మేనేజరు ఊపిరి పీల్చుకోవడానికి ఆగాడు. అక్క ఆ తెల్లకోటు కాలరు చూసింది. చూడగానే ఆమె మొహం మారింది.

"సర్" అంది. "ఫస్ట్, కామ్ డౌన్."

కోపంలో ఉన్న పెద్దమనిషిని పట్టుకుని శాంతించమంటారా ఎవరైనా! లోపల మేడమ్ కుర్చీ కిర్రుమంది. కానీ అక్క ఆ మాటన్న గొంతు ఆరు నెలలుగా బాబాయిని తిట్టిన గొంతు. ఆ గొంతుకి గంజి తొట్టి దగ్గర గిన్నెలు కూడా మోగడం మానేసేవి. మేనేజరు ఠక్కున ఆగిపోయాడు, బడిపిల్లాడిలా.

అక్క కాలరు తిప్పి చీటీ చూపించింది. "సర్, త్రీ వన్ సెవెన్. హాస్పిటల్ నంబర్. వియ్ మిక్స్డ్ అప్ టూ బండిల్స్. సారీ సర్. హాస్పిటల్ బండిల్ ఈజ్ ఇన్ అవర్ వ్యాన్. సో, యువర్ క్లాత్స్ ఆర్ ఇన్ అవర్ వ్యాన్. వ్యాన్ ఈజ్ అవుట్‌సైడ్. ఐ విల్ సార్ట్ ఇట్ అవుట్. డ్రైవర్ విల్ డ్రాప్ దెమ్ ఆఫ్ బిఫోర్ టెన్ థర్టీ."

ఆసుపత్రికని వ్యానులో పెట్టిన మూటలోనే హోటలు గుడ్డలున్నాయన్నమాట. మూటలు మార్చి ఎక్కించింది ఎవరనుకున్నారు? నేనే. గంజి పెట్టే ఆవిడ నా వైపు చూసిన చూపుకి కోట్ల మధ్యలోకి ఇంకా దూరిపోయాను.

"ఆర్ యూ ష్యూర్?" అన్నాడు మేనేజరు.

"సర్, ఐ రోట్ దట్ నంబర్."

పద్ధెనిమిదేళ్ళ చేతిరాత ఆ మాటలో నిలబడి మాట్లాడింది. మేనేజరు కోటు కౌంటరు మీద పెట్టేశాడు. గొంతు తగ్గించి, "ఆల్ రైట్. ఐ యామ్ కౌంటింగ్ ఆన్ యూ" అన్నాడు.

బాబాయి ఉలిక్కిపడ్డాడు. "అయ్యో, అది చీటీలో రాలేదే!"

అక్క కనుబొమలు ముడిపడ్డాయి. కోట్ల వెనక మేం నలుగురం ఊపిరి బిగబట్టాం. నలుగురం ఎలాగంటే, మిషను మనిషి ఎప్పుడొచ్చాడో వచ్చి చేరాడు. అక్క ఒక్క క్షణమే ఆగింది. తర్వాత బిడియం, భయం ఏమీ లేకుండా, బాబాయి తన బల్ల దగ్గరికొచ్చి అడిగినంత మామూలుగా అడిగేసింది. "వాట్ ఈజ్ కౌంటింగ్ ఆన్, సర్?"

మేనేజరు తెల్లబోయి, తర్వాత నవ్వేశాడు. ఈసారి నెమ్మదిగా, ఒక్కో మాటా విడగొట్టి చెప్పాడు. ఒకరి మీద నమ్మకం పెట్టుకోవడం.

"ఓ! గుడ్ వర్డ్" అంది అక్క, చీటీ ముక్క లాక్కుని రాసేసుకుంటూ. "దెన్ కౌంట్ ఆన్ మీ, సర్." ఆ వెంటనే లోపలికి తిరిగి, "డ్రైవరూ! ఆ కోట్ల వెనకనుంచి బయటికొచ్చి వ్యాను తీస్తావా, నన్ను రమ్మంటావా?" అని తెలుగులో ఒక్క అరుపు అరిచింది.

నేను పదీ ఇరవైకి టేబుల్ క్లాతులు దింపేశాను. ఎర్ర లైట్ల దగ్గర తప్ప ఎక్కడా ఆగలేదు.

తిరిగొచ్చేసరికి లాండ్రీలో ఈలలు, చప్పట్లు. మేడమ్ గదిలోంచి వచ్చి, అక్కతో ఒకటే మాటందట. "రేపట్నుంచి ఆ స్టూలు నీదే. ఎత్తు చాలకపోతే చెప్పు, మార్పిస్తాను." అక్క మొహం చూడాలి! నేను ఆ లాండ్రీలో చేరాక మొదటిసారి ఆవిడ పళ్ళన్నీ చూశాను. గంజి పెట్టే ఆవిడ ఆమెని గాల్లోకి ఎత్తబోయి, నడుం పట్టేసి కూర్చుండిపోయింది.

నేను సరాసరి ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్ళాను. బాబాయి ఏమీ ఎరగనట్టు చొక్కా కాలరు రుద్దుతున్నాడు.

"ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాను.

"ఏంటి?"

"బాబాయ్, నాటకాలొద్దు. ఆ వడగళ్ళ వాన నాకు చెవిలో తెలుగులో పోశావు."

ఇస్త్రీపెట్టె ఆగింది. "పోశానా?" అన్నాడు కంగారుగా. "ఛ. కంగారులో నోరు జారింది." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పెళ్ళికి ముందు పన్నెండేళ్ళు ఓడలో పనిచేశానురా. ప్రయాణికుల ఓడ. లాండ్రీ నాదే. అక్కడ ఇంగ్లీషు తప్ప ఇంకోటి వినపడదు. కెప్టెనుతో పేకాడుతూ తిట్టుకునేవాళ్ళం కూడా."

కెప్టెనుతో! నేను బల్ల పట్టుకుని నిలబడ్డాను. గివ్ అప్ అన్నందుకు నేను తలంటింది ఈయనకా? నాలాంటివాడికే మూడుసార్లు పట్టిందని గొప్పలు పోయింది ఈయన ముందా? అన్నీ ఉన్న విస్తరి అణిగిమణిగి ఉంటుంది, ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుంది అంటారు. ఆరు నెలలు ఎగిరిన విస్తరిని నేనే.

"మరి హాయిగా అక్కకి నేర్పొచ్చుగా? ఈ పిచ్చివేషం ఎందుకు? లాయరుగారిని అలా హడలగొట్టడమెందుకు?"

"నేర్పబోయాన్రా. మేడమ్ చెప్పిన రోజునుంచి రెండు రోజులు కూర్చోబెట్టి చెప్పాను. నా ముందు నోరు విప్పలేదు. తప్పొస్తే నేను నవ్వుతానని భయం. తెలిసినవాడి ముందు ఎవరు నోరు విప్పుతారు? తనకన్నా తెలియనివాడు దొరికితే, వాణ్ణి దిద్దడానికైనా నోరు విప్పాలి కదా." చొక్కా తిప్పి వేశాడు. "మూడో రోజు నాకు మతిమరుపొచ్చేసింది. అమ్మాయికి మాత్రం, ఆ రెండు రోజులూ చెప్పింది ఉత్త బడాయేనని, అసలు నాకే ఏమీ రాదని, పోటీపడి నేర్చుకుందామని చెప్పేశాను. లాయరుగారింటికి ఆ సాయంత్రమే వెళ్ళి సంగతంతా చెప్పానులే. ఆయన కేసు గెలిచారు, కోపం లేదు."

"పిన్నికి తెలుసా?"

"ఉప్పు గొడవ తనే కల్పించింది. మీ పిన్ని నాకన్నా బాగా నటిస్తుంది. భోజనం మాత్రం నిజంగానే పెట్టలేదు."

నాకు నవ్వాగలేదు, కళ్ళు కూడా తుడుచుకోవాల్సొచ్చింది. "ఇప్పుడే వెళ్ళి అక్కకి చెప్తాను" అన్నాను.

బాబాయి నా చొక్కా పట్టుకున్నాడు. "చెప్పావంటే ఈ పెట్టె నీ వీపు మీద పెడతాను. తను గెలిచింది తన నోటితో. దాంట్లో నాకు వాటా ఎందుకురా?"

నేను చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. చెప్పే అవకాశం కూడా అక్క ఇవ్వలేదనుకోండి. మర్నాడు కౌంటరు స్టూలు మీద కూర్చుని, లాండ్రీ అంతా వినేలా ప్రకటించింది. "పాపం, బాబాయికి ఆరు నెలలైనా ఒక్క ముక్క తలకెక్కలేదు. ఆయన పుణ్యమా అని నాకు నాలుగొచ్చాయి. ఆయన్ని అలా వదిలేస్తే పాపం తగులుతుంది. రోజూ మూడింటికి, కౌంటరు ఖాళీగా ఉండే టైములో, నేనే క్లాసు చెప్తాను. మూటలు మార్చే డ్రైవరు కూడా రావాలి. మేడమ్ ఒప్పుకున్నారు."

మూడింటికి బాబాయి కొత్త నోటు పుస్తకంతో, నున్నగా దువ్విన తలతో ముందు వరుసలో కూర్చున్నాడు. అక్క గెట్ అప్ అంటే ఏంటని అడిగితే, పైకప్పు వైపు చూసి చాలాసేపు ఆలోచించి, "మేడమీదికెక్కడమా అమ్మా?" అన్నాడు. అక్క తల కొట్టుకుంది. మొదటినుంచి, ఓపిగ్గా, ఎంతో ముద్దుగా మళ్ళీ చెప్పింది. ఆమె చెప్తుంటే ఆయన మొహంలో ఉన్న సంతోషం నేను ఏ పరీక్ష పాసైనవాడి మొహంలోనూ చూడలేదు.

వారం చివర పరీక్ష పెట్టింది. బాబాయికి పదికి మూడొచ్చాయి. నాకు రెండొచ్చాయి. నేను నటించలేదు.